గౌను చట్రం దగ్గర పోయిన పదవి

అందరికీ నమస్కారం. రష్యా రాచకొలువు వదిలి వలసపోయిన ఒక అధికారి గురించి చెబుతాననగానే, రాస్పుటిన్ కథలో, నగలు కుట్టిన కోట్ల కథలో వస్తాయనుకుని ఉంటారు. అవేం లేవు. నేను నాటకాల పిచ్చివాణ్ణి కాబట్టి నాటకశాలల అధికారినే ఎంచుకున్నాను. ఆయన ప్రిన్స్ సెర్గేయ్ వోల్కోన్‌స్కీ.

పుట్టింది 1860లో. తాత 1825లో సైనికాధికారులు చక్రవర్తి మీద చేసిన డిసెంబ్రిస్టు తిరుగుబాటులో ఉండి సైబీరియా పాలైనవాడు. తండ్రి అక్కడే పుట్టాడు. తల్లి వైపు ముత్తాత బెంకెన్‌డోర్ఫ్ ఆ తిరుగుబాటుదారులను విచారించిన కమిషన్‌లో సభ్యుడు, తర్వాత రహస్య పోలీసు విభాగానికి అధిపతి. పట్టుబడినవాడి ఇంటికీ విచారించినవాడి ఇంటికీ వియ్యం కుదిరిందన్నమాట!

1899లో ఆయన ఇంపీరియల్ థియేటర్ల డైరెక్టర్ అయ్యాడు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ నాటకశాలలు, ఒపేరా, బాలే అన్నీ రాజాస్థాన మంత్రిత్వ శాఖ కిందివే. అంటే నటుల జీతం దగ్గర్నుంచి నర్తకి గౌను దాకా చక్రవర్తి ఇంటి వ్యవహారమే. చిక్కంతా అక్కడే ఉంది.

'కమార్గో' అనే బాలేలో 18వ శతాబ్దపు పద్ధతిలో, లోపల చట్రం కట్టి ఉబ్బెత్తుగా నిలబెట్టే గౌను వేసుకోవాలి. మటిల్డా క్షెసిన్‌స్కయా వేసుకోనంది. మామూలు నర్తకి కాదామె. అప్పటి చక్రవర్తి రెండో నికొలాస్ యువరాజుగా ఉన్న రోజుల్లో ఆయన ప్రేయసి. వేసుకోకుండానే ఆడింది. డైరెక్టర్ జరిమానా వేశాడు. చక్రవర్తి నుంచి కబురొచ్చింది, రద్దు చేయమని. జరిమానా ప్రకటించినట్టే రద్దునూ ప్రకటించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరు లెక్కచేస్తారు? 1901లో రాజీనామా ఇచ్చేశాడు. ఆయన స్థానంలో ఉంటే నేనైతే చట్రం చూడనట్టు నటించేవాణ్ణేమో, నిజం చెప్పాలంటే.

అదే ఏడాది ఇంకో గొడవ. తన దగ్గర పనికి పెట్టుకున్న కుర్రాడు ద్యాగిలెవ్‌కి 'సిల్వియా' బాలే అప్పగించాలనుకుంటే, ఆఫీసు సిబ్బంది ఎదురుతిరిగారు. వోల్కోన్‌స్కీ వెనక్కి తగ్గాడు. ద్యాగిలెవ్ పట్టుబట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇక్కడ మాత్రం మన ప్రిన్స్‌ని నేను వెనకేసుకురాను.

పదవి పోయాకే ఆయన అసలు పని మొదలైంది. మనం వాచికం, ఆంగికం అంటామే, ఆ రెండింటి మీదే పడ్డాడు. మాట ఎక్కడ విరగాలి, చెయ్యి ఎప్పుడు లేవాలి అని పుస్తకాలు రాశాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన సంగీత గురువు డాల్‌క్రోజ్, లయను ఒంటి కదలికలతో నేర్పే శిక్షణను రష్యాకు తెచ్చి ప్రచారం చేశాడు. విప్లవం వచ్చి టాంబోవ్ ప్రాంతంలోని ఎస్టేటు పోయింది. మాస్కోలో ఆకలి రోజులు. అయినా పాఠాలు ఆపలేదు. 1921లో కవయిత్రి మరీనా త్స్వెతాయెవా ఆయన రాతప్రతిని తన చేత్తో శుద్ధప్రతి రాసిపెట్టింది. ఎంత గౌరవం లేకపోతే అంత చాకిరీ చేస్తుంది! 'శిష్యుడు' అనే కవితల వరస కూడా ఆయనకే అంకితమిచ్చింది.

ఆ ఏడాది చివర్లో దేశం దాటాడు. ప్యారిస్‌లో రష్యన్ పత్రికకు నాటక సమీక్షలు రాశాడు, అక్కడి రష్యన్ సంగీత పాఠశాలను నడిపాడు. తమాషా ఏమిటంటే, క్షెసిన్‌స్కయా కూడా అదే ఊరు చేరి, 1929లో బాలే బడి పెట్టుకుంది. ద్యాగిలెవ్ అయితే తన రష్యన్ బాలే బృందంతో 1909 నుంచే ప్యారిస్‌ని ఊపేస్తున్నాడు.

మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. 1893లో షికాగోలో వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ తెలుసు కదా, అందులో మాట్లాడిన రష్యన్ ప్రిన్స్ ఈయనే. అప్పుడు ప్రభుత్వ ప్రతినిధిగా వెళ్లాడు. 1896లో మళ్లీ వెళ్లి బోస్టన్‌లో రష్యా చరిత్ర, సాహిత్యం మీద ఉపన్యాసాలిచ్చాడు. ఆఖరిసారి అమెరికా వెళ్లేనాటికి ఏ ప్రభుత్వమూ వెనక లేదు. 1937లో వర్జీనియాలో కన్నుమూశాడు.