ఉత్తుత్తి సూది చెప్పిన సంగతి

శ్రోతలకు నమస్కారం. ఐవీఎఫ్‌కు, అంటే శరీరం వెలుపల పిండాన్ని తయారుచేసి గర్భాశయంలో పెట్టే చికిత్సకు, సిద్ధమవుతున్న మా బంధువుల అమ్మాయి ఒకతె ఈ మధ్య నాకొక కరపత్రం చూపించింది. ఒంటిమీద కొన్ని నిర్ణీత బిందువుల దగ్గర సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ తోడైతే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందని అందులో ఉంది. ఆ మాటకు ఆధారం బొత్తిగా లేకపోలేదు. 2002లో జర్మనీ వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడానికి ముందూ తరువాతా సూదులు వేయించుకున్న 80 మందిలో 34 మందికి, వేయించుకోని 80 మందిలో 21 మందికి గర్భం వచ్చింది. అది చదివినప్పుడు నాకూ ఆశ కలిగింది. అయితే ఆ రెండవ 80 మందీ ఊరికే పడుకొని ఉన్నారు. తమకు సూది పడలేదని వారికి తెలుసు. కనుక ఆ ఫలం సూదిదా, సూది పడిందన్న నమ్మకానిదా అన్నది తేలదు.

ఈ చిక్కు విప్పడానికే ఉత్తుత్తి సూది వచ్చింది. దాని మొన మొద్దుగా ఉంటుంది. చర్మానికి ఆనించి నొక్కితే, నాటకాలలో వాడే కత్తిలాగా తన పిడిలోకే జారిపోతుంది. ఒత్తిడి తెలుస్తుంది గాని సూది దిగదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 16 ఐవీఎఫ్ కేంద్రాలలో పరిశోధకురాలు కెరొలైన్ స్మిత్ బృందం 848 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు సూదులు గుచ్చింది. రెండవ జట్టుకు ఉత్తుత్తి సూదులను, అవీ ఆక్యుపంక్చర్ బిందువులకు దూరంగా, తాకించింది. ఎవరికి ఏ సూదో చెప్పలేదు. గర్భపరీక్ష రిపోర్టు దగ్గర ఆగకుండా, బిడ్డ పుట్టేదాకా లెక్క చూసింది. 2018లో వెలువడిన ఆ లెక్క ప్రకారం, అసలు సూదుల జట్టులో 18.3 శాతం మందికి, ఉత్తుత్తి సూదుల జట్టులో 17.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఇంచుమించు సమానం! అంతకుముందు 2009లో హాంకాంగ్‌లో 370 మందిపై జరిగిన పరిశోధనలోనైతే, గర్భపరీక్షలో ఉత్తుత్తి సూదుల జట్టే ముందుంది.

మొద్దు సూది ఒత్తిడి కూడా ఒక చికిత్సేనని కొందరు వాదిస్తారు. దానిని నేను కొట్టిపారేయను. కాని ఎక్కడో తాకించిన మొద్దు సూదికీ అదే ఫలమైతే, సరైన బిందువు తెలిసిన నిపుణుడికి వేరే రుసుము ఎందుకు? మనసు నెమ్మదిస్తుందని వేయించుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు.

ఆ అమ్మాయికి మాత్రం ఒక్క పని చెప్పాను. కరపత్రంలోని శాతం మీద వేలు పెట్టి, ఇది ఎవరితో పోల్చిన లెక్క, పరీక్షలో తేలిన గర్భాల లెక్కా, పుట్టిన బిడ్డల లెక్కా అని డబ్బు కట్టకముందే అడగమన్నాను.