గురకకీ లివర్‌కీ ఏంటి సంబంధం?

(తెర మీద: శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్, సాయంత్రం రద్దీ)

"గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్ అన్నారండి. నేనేమో మందు ముట్టనే ముట్టను!"

స్కానింగ్ సెంటర్ల బయట ఈ మాట వినే ఉంటారు. ఉద్దానం కిడ్నీ జబ్బుల బాధ చూసినవాళ్లం, క్రియాటినిన్ అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లివర్ విషయంలో మాత్రం "తాగితేనే పాడవుద్ది" అన్న దగ్గరే ఉండిపోయాం. తాగని వాళ్లకి షుగర్, పొట్ట, బరువు కారణం కావచ్చు. వాటితో పాటు ఎవరూ అడగనిది ఇంకొకటుంది: గురక.

(యానిమేషన్: పడుకున్న మనిషి గొంతు, లోపల గాలి దారి మూసుకుపోతూ)

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో, ముఖ్యంగా మెడ లావుగా ఉన్నవాళ్లలో, గాలి దారి మూసుకుపోతుంది. అప్పటిదాకా మోగుతున్న గురక ఠక్కున ఆగుతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం దాకా చప్పుడుండదు. తర్వాత ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి లాగుతారు. ఇదే స్లీప్ ఆప్నియా. ఊపిరి ఇలా ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకి 5 సార్లు దాటి, పగలు మగతగా ఉంటే జబ్బు కిందే లెక్క. 30 దాటితే తీవ్రం. పడుకున్న మనిషికి ఇవేవీ గుర్తుండవు కాబట్టి ఇంట్లోవాళ్లు చెప్పిందే సాక్ష్యం. వాళ్లేమో "మా ఆయనకి మంచి నిద్రండి" అని మురిసిపోతుంటారు!

(యానిమేషన్: ఆక్సిజన్ గీత పడుతూ, లేస్తూ)

ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. కరెంటు పోతూ వస్తూ ఉంటే ఫ్రిజ్ కంప్రెసర్ పడే పాట్లే ఇవీ. శరీరం కంగారుపడి అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వదులుతుంది. అవి నిల్వ కొవ్వుని కరిగించి రక్తంలోకి తోస్తాయి, అందులో చాలా భాగం లివర్‌కి చేరుతుంది. పైగా ఇన్సులిన్ సరిగా పనిచేయదు, దాంతో లివర్ తనే కొత్త కొవ్వు తయారు చేస్తుంది. లివర్‌లో కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్. ఆక్సిజన్ ఎగుడుదిగుళ్లు ఆ కొవ్వు మీద వాపుని కూడా పెంచుతాయి. వాపు ముదిరితే మచ్చలు, చివరికి లివర్ గట్టిపడిపోయే సిరోసిస్.

"లావుగా ఉంటే రెండూ వస్తాయి, అంతేగా?" అనొచ్చు. సగం నిజమే. కానీ బరువు తేడాని లెక్కలోంచి తీసేసి చూసిన పరిశోధనల్లో కూడా ఆప్నియా ఉన్నవాళ్ల లివర్‌కి దెబ్బ ఎక్కువగా కనిపించింది.

మరి నిద్రలో మాస్కుతో గాలి తోసే సీపాప్ మిషన్ పెట్టుకుంటే? గాలి దారి తెరుచుకుంటుంది, పగటి మగత తగ్గుతుంది. లివర్ కొవ్వు కూడా కరుగుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఇప్పటిదాకా జరిగిన ట్రయల్స్‌లో అది తేలలేదు. రెండింటికీ పనికొచ్చేది బరువు తగ్గడం. 80 కిలోలుంటే 6 నుంచి 8 కిలోలు తగ్గినా లివర్ వాపు దిగుతుంది, ఆప్నియా కూడా తగ్గుముఖం పడుతుంది. రాత్రి పూట మద్యం గొంతుని ఇంకా వదులు చేస్తుంది, కొన్ని నిద్ర మాత్రలూ అంతే, డాక్టరు రాయకుండా వేసుకోకండి.

(తెర మీద: ఫోన్‌లో గురక రికార్డింగ్)

ఇంట్లోవాళ్లతో ఒక రాత్రి గురక రికార్డు చేయించి, స్కానింగ్ రిపోర్టుతో పాటు ఊపిరితిత్తుల డాక్టరుకి గానీ ఈఎన్‌టీ డాక్టరుకి గానీ వినిపించండి. అవసరమైతే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని, ఆక్సిజన్‌ని కొలిచే పరీక్ష, రాస్తారు. హైవే మీద రాత్రిళ్లు లారీ తోలే అన్నలూ, పగలు కళ్లు మూతలు పడుతున్నాయంటే మీరు ఈ వారమే వెళ్లండి.