బుడగ లేని సీసా

నమస్కారమండీ. నాకిచ్చిన టైము చాలా తక్కువ, అందుకని ఈ రేడియోయాక్టివిటీ కథంతా చెప్పను, ఒక్క సీసా గురించి చెప్తాను.

గాజువాక వైపు ఒక వీధిలో బోరు నీళ్ళు శాంపిల్ తియ్యడానికెళ్ళాం, రేడాన్ చూడ్డానికి. అదొక రేడియోయాక్టివ్ గ్యాసు, రాతిలో ఉన్న రేడియం లోంచి పుడుతుంది, రంగుండదు, వాసనుండదు. మోటారేసి పది నిమిషాలు నీళ్ళు ఊరికే వదిలేశాం, పైపులో నిలవున్నవి పోయి కింద నుంచి తాజావి రావాలి కదా. పక్కింటి మామ్మ చూసి చూసి ఆగలేక, "ఏటి బాబూ, నీళ్ళన్నీ అలా పారబోసేత్తన్నారు?" అని బిందె తెచ్చి కింద పెట్టేసింది. సరే, బిందె నిండింది.

అప్పుడు అసలు పని. బకెట్టు నిండా అవే నీళ్ళు పట్టి, సీసాని అందులో ముంచి, సన్న గొట్టం సీసా అడుగుదాకా దూర్చి, మెల్లగా, చాలా మెల్లగా నింపి, నీళ్ళలో ఉండగానే మూత బిగించాలి. పైకి తీసి తలకిందులు చేస్తే బుడగ కనపడకూడదు. నాకు మొదటిసారి బుడగొచ్చింది, రెండోసారీ వచ్చింది, పెసరగింజంత. పారబోశాను. ఎందుకంటే రేడాన్‌కి నీళ్ళలో ఉండబుద్ధి కాదు, కాస్త గాలి దొరికితే చాలు అందులోకి దూరిపోతుంది, అప్పుడు ల్యాబ్‌లో నంబరు తక్కువొస్తుంది. ఎక్కువొస్తే మళ్ళీ కొలుస్తారండీ, తక్కువొస్తే హమ్మయ్య అని ఫైలు మూసేస్తారు, నా భయం అదే.

నీళ్ళలో ఈ రేడియోయాక్టివిటీ ఫ్యాక్టరీల వల్లేనా అని అందరూ అడుగుతారు. బొగ్గు బూడిదలో, ఎరువులకి వాడే ఫాస్ఫేట్ రాతిలో యురేనియం, రేడియం ఉంటాయి, నిజమే. కానీ మన భీమిలి ఇసకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంది, అదీ రేడియోయాక్టివే, అది ఏ ఫ్యాక్టరీ వాళ్ళూ తెచ్చి పోసింది కాదు. అందుకే ఫ్యాక్టరీ పక్క బోరు ఒక్కటీ కొలిస్తే సరిపోదు, దూరంగా ఎగువనున్న బోరు కూడా కొలిచి పక్కపక్కన పెట్టి చూడాలి.

మామ్మ ఇంకోటి అడిగింది, "కాచుకుంటే పోద్దా?" అని. రేడాన్ పోతుంది మామ్మా, కిటికీ తీసి కాచుకో. యురేనియం పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. దానికి వేరే సీసా ఉంది, యురేనియం సీసా గోడలకి అంటుకోకుండా నైట్రిక్ యాసిడ్ చుక్కలేస్తాం, తాగే నీళ్ళలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) చెప్పిన హద్దు లీటరుకి 30 మైక్రోగ్రాములు.

మూడో సీసా నింపి మామ్మ చేతికే ఇచ్చాను. రేడాన్ 3.8 రోజులకి సగమైపోతుంది, కాబట్టి ఎన్నింటికి పట్టామో సీసా మీద రాయకపోతే ఆ నంబరు చెత్తబుట్టకే, అని కూడా చెప్పాను. ఆవిడ సీసాని ఎండకెత్తి, తలకిందులు చేసి, కళ్ళు చికిలించి చూసి, "ఏటీ లేదు బాబూ, టైమెంతయిందో రాసుకో" అంది.