దూరం పోదు, ఆగదు

శ్రోతలందరికీ నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్నవాళ్ళకి గుగ్గిలం చెట్టుని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. సాల్ అన్నా అదే. సంతలో సవర ఆడవాళ్ళు కట్టలు కట్టి అమ్మే విస్తరాకులు దానివే, సాయంత్రం దేవుడి దగ్గర నిప్పుల మీద వేసే గుగ్గిలం దాని బంకే. కానీ దాని గింజని ఎప్పుడైనా అరచేతిలో పెట్టుకుని చూశారా? జూన్‌లో, వానలకి కాస్త అటూ ఇటూగా రాలుతుంది. ఐదు రెక్కలుంటాయి, మూడు పొడుగు, రెండు పొట్టి. పైకి విసిరితే గిరగిరా తిరుగుతూ దిగుతుంది, పిల్లలకి మంచి ఆట. ఇన్ని రెక్కలుండి కూడా మామూలు గాలికి ఎక్కువగా తల్లి చెట్టు దగ్గర్లోనే పడుతుంది. పైగా వారం పది రోజుల్లో తడి తగలకపోతే ఇక మొలకెత్తదు. వడ్లలాగా గాదెలో పోసి వచ్చే ఏడాదికి దాచుకుందామంటే కుదరదు.

దూరం పోదు, ఆగదు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఈ చెట్టుకి దగ్గరి చుట్టం ఒకటి మలేషియా, సుమత్రా, బోర్నియో వర్షారణ్యాల్లో ఉంది, ఎర్ర మెరంటి అంటారు. మనదాన్నీ దాన్నీ కూడా శాస్త్రవేత్తలు చాలాకాలంగా షోరియా అనే పేరుతోనే పిలిచారు. అక్కడ ఏడాది పొడవునా వానలే, మనకున్నట్టు నెలల తరబడి ఎండలు లేవు. అయినా గింజ తీరు మాత్రం అదే: దూరం పోదు, ఆగదు.

ఇప్పుడు ఒక 20 వేల ఏళ్ళు వెనక్కి వెళ్దాం. మంచు యుగం బాగా ముదిరిన కాలం. భూమ్మీది నీళ్ళు బోలెడన్ని మంచుగా గడ్డకట్టుకుపోయి సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగిపోయింది. జావాకీ బోర్నియోకీ మధ్య ఉన్న జావా సముద్రం సగటు లోతు 50 మీటర్లు కూడా ఉండదు, కాబట్టి దాని అడుగు నేల బయటపడింది. సుమత్రా, జావా, బోర్నియో, మలయా అన్నీ కలిసి ఒకే నేల అయిపోయాయి. అలా చాలాసార్లు జరిగింది, సముద్రం దిగడం, మళ్ళీ ఎక్కడం. మధ్యలో సముద్రం లేనప్పుడు రెండు వైపుల చెట్లూ బాగా కలిసిపోయి ఉండాలి కదా?

అంతగా కలవలేదండీ. 2013లో ఎర్ర మెరంటి డీఎన్‌ఏ మీద వచ్చిన పరిశోధన చూస్తే, ఆ చెట్లు రెండు వంశాలుగా తేలాయి. సుమత్రా, మలయా వైపు ఒకటి, బోర్నియో వైపు ఒకటి. మంచు యుగాల కాలంలోనే విడిపోయి, తర్వాతెప్పుడో కొన్నిచోట్ల మళ్ళీ కలిశాయి. నేల ఉండి కూడా ఎందుకు దాటలేకపోయాయి? చాలామంది శాస్త్రవేత్తలు చెప్పే కారణం వాన. సముద్రం చల్లబడి, చుట్టూ నీళ్ళు తగ్గి, వానలు తగ్గితే ఆ మధ్య నేల గడ్డి మైదానంలాగా, పలచని చెట్లతో ఉండిపోయిందంటారు. అందరూ ఒప్పుకున్న మాట కాదు, నేలలో ఇసుక ఎక్కువనేవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఆ గింజ తలచుకుంటే వాన మాటే నమ్మబుద్ధవుతుంది. ఎండిన నేల మీద పడి వానకోసం చూస్తూ కూర్చోలేదు కదా! ఇక పుప్పొడి సంగతంటారా, దాన్ని మోసేవాటిలో మన మిరప రైతులకి బాగా తెలిసిన తామర పురుగుల జాతి ఒకటి. అంత చిన్న ప్రాణి ఎంత దూరమని మోస్తుంది?

ఇలా అడవి ముక్కలైనప్పుడు ఒక్కో ముక్కలో మిగిలిన చెట్లే తర్వాతి తరాలకి తల్లులు. కొన్ని లక్షణాలు అక్కడితో పోతాయి, కొన్ని ఆ ముక్కలోనే పుట్టి అక్కడే ఉండిపోతాయి. వానలు తిరిగొచ్చాక అడవి మళ్ళీ విస్తరిస్తుంది, పైనుంచి చూస్తే అంతా ఒకటే పచ్చదనం, లోపల డీఎన్‌ఏలో మాత్రం పాత కరువు గీతలు అలాగే ఉంటాయి. ఆఫ్రికాలో గాబన్, కామెరూన్ దేశాల అడవుల్లో కూడా అంతే. అక్కడ చాలా జాతుల చెట్లు భూమధ్యరేఖకి దగ్గర్లో ఉత్తరం వైపు ఒక తీరుగా, దక్షిణం వైపు ఇంకో తీరుగా ఉన్నాయి, అడ్డంగా కొండ లేదు, పెద్ద నది లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మన వైపు నర్సరీల కోసం గింజలు ఏరే రోజులు వస్తున్నాయి. సాల్ అడవులకి దక్షిణపు అంచు మనమే, కొరాపుట్, గజపతి కొండలు దాటితే ఇక పెద్దగా కనబడవు. వానలు ఒక ఏడు ముందు, ఒక ఏడు వెనక అయిపోతున్న ఈ రోజుల్లో అంచున ఉన్న చెట్లకే ముందు దెబ్బ తగులుతుంది. కొన్ని చెట్లు ఎండకి ఓర్చుకుంటాయి, కొన్ని పురుగుకి తట్టుకుంటాయి, ఏది ఏదో పైకి చూస్తే తెలీదు. అందుకే రోడ్డు పక్కన బాగా కాసిన ఒక్క చెట్టు కింద గోనె సంచి నింపేసుకుని రాకండి, దయచేసి. ఒకే తల్లి పిల్లలు పక్కపక్కనే పెరిగి వాటిలో అవే కలిస్తే తర్వాతి తరం నీరసిస్తుంది. కనీసం 25, 30 చెట్ల నుంచి, చెట్టుకీ చెట్టుకీ 50 నుంచి 100 మీటర్ల ఎడం ఉండేలా, ఒక్కోదాని కింద కొన్నికొన్ని ఏరండి. మీ కొండవే ఏరండి, ఎక్కడో దూరం నుంచి తెప్పించకండి. రెక్కలు తుంచి, పుచ్చుపట్టినవి తీసేసి, అన్నీ కలిపి, ప్లాస్టిక్ కవర్లో మూటగట్టకుండా నీడలో గాలి తగిలేలా పరిచి, ఆ రోజే, లేదంటే మర్నాటికల్లా మట్టిలో పెట్టేయండి.