సెనెగల్‌లో గడ్డి మొలవడం ఆకాశం నుంచి చూద్దాం రండి

నమస్తే అండీ. ఈ రోజు మనం ఇంట్లో కూర్చునే సెనెగల్‌లో గడ్డి మొలవడం చూడబోతున్నాం. యాప్ అక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో నాసా వాళ్ల ఉపగ్రహ చిత్రాల సైట్ వరల్డ్‌వ్యూ తెరిస్తే చాలు.

ఆఫ్రికా పడమటి కొసన సెనెగల్ రాజధాని డకార్ ఉంది చూడండి. అక్కడి నుంచి మ్యాప్‌లో ఈశాన్యం వైపు రండి. సెనెగల్ నదికి దక్షిణంగా ఉన్న ఈ మెట్ట నేల పేరు ఫెర్లో. ఫులానీ పశువుల కాపరులు మందలు మేపుకునే చోటు. ఇక్కడ వానలు జులై నుంచి సెప్టెంబర్ దాకా, అంతే. మిగతా ఏడాదంతా ఎండే.

కింద తేదీ గడిచిన ఏడాది మే 15 పెట్టండి. అంతా మట్టి రంగు. ఇప్పుడు ఆగస్టుకు జరిపి ఒక్కో రోజూ చూడండి. పచ్చగా ఉంటుందనుకున్నారు కదూ? చాలా రోజులు దూది పరిచినట్టు మబ్బులే! మొదటిసారి నేనూ ఇక్కడే అరగంట పోగొట్టుకున్నాను. వాన కురిసేటప్పుడు కింద నేల కనపడదు మరి.

అందుకే యాడ్ లేయర్స్ నొక్కి, ఎన్‌డీవీఐ (NDVI), అంటే పచ్చదనాన్ని కొలిచే అంకె, అని వెతకండి. టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం ఇచ్చే 16 రోజుల లేయర్ తీసుకోండి. ఆ 16 రోజుల్లో ఒక్కో చోటికి మబ్బు అడ్డురాని మంచి కొలత ఏరి కూర్చిన బొమ్మ ఇది. పచ్చని ఆకు ఎర్రని వెలుగును మింగేస్తుంది, మన కంటికి ఆనని సమీప పరారుణ కాంతిని మాత్రం తిప్పికొడుతుంది. తిరిగొచ్చిన ఆ రెండు కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకే ఎన్‌డీవీఐ. పలచటి గడ్డి కంటికి మట్టిలాగే ఉన్నా ఈ అంకెలో దొరికిపోతుంది.

ఇక స్టార్ట్ కంపారిజన్ నొక్కండి. ఎడమ పక్క మే 15, కుడి పక్క సెప్టెంబర్ 15. మధ్య గీతను పట్టుకుని మెల్లగా లాగండి... చూశారా! దక్షిణాన చిక్కగా ఉన్న పచ్చదనం, నది వైపు వెళ్లేకొద్దీ పలచబడుతోంది. వానలు దక్షిణం నుంచి వస్తాయి, ఉత్తరానికి చేరేసరికి తగ్గిపోతాయి.

అయితే ఆగండి, మే బొమ్మలోనూ నది ఒడ్డున, రిషార్ టోల్ అనే ఊరి దగ్గర, ఓ పచ్చని మచ్చ ఉంది. అది వాన చలవ కాదు, నది నీళ్లు పారించి పెంచే చెరకు తోటలు. అనుమానముంటే కుడి పక్క తేదీని డిసెంబర్‌కు జరపండి. ఫెర్లో మళ్లీ ఎండిపోయింది, ఆ మచ్చ మాత్రం చెరగలేదు.