కెల్స్ గ్రంథం: అప్పాన్ని కొరికే ఎలుకలు

నమస్కారం. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల గ్రంథాలయానికి వెళ్తే, మసక వెలుతురులో, అద్దాల పెట్టెలో కెల్స్ గ్రంథం కనిపిస్తుంది. క్రీ.శ. 800 ప్రాంతంలో క్రైస్తవ సన్యాసులు లాటిన్‌లో రాసిన నాలుగు సువార్తలు ఇవి. స్కాట్లాండ్ దగ్గరి అయోనా ద్వీపంలో మొదలైందని, ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల దాడులు తట్టుకోలేక ఐర్లాండ్‌లోని కెల్స్ మఠానికి చేర్చారని చాలామంది పండితుల ఊహ. మిగిలినవి 340 పత్రాలు, అన్నీ దూడ తోలే. టికెట్టు కొని అంత దూరం వెళ్లినా, తెరిచి ఉంచిన ఒకటి రెండు చోట్లు తప్ప చూడలేం. అందుకే నా మాట విని, ట్రినిటీ వారు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతిలో 34వ పత్రం తెరవండి.

క్రీస్తు పేరులోని గ్రీకు అక్షరాలు పేజీ అంతా అల్లుకుపోయాయి. సుడిలో సుడి, ఆ సుడిలో మరో సుడి. చూపు ఎక్కడా నిలవదు. ఇప్పుడు మెల్లగా కిందికి రండి. రెండు పిల్లులు కూర్చున్నాయి. వాటి ఎదుట రెండు ఎలుకలు గుండ్రటి అప్పాన్ని చెరోవైపు కొరుకుతున్నాయి, అచ్చం చర్చి పూజలో ఇచ్చే సత్ప్రసాదంలాంటి అప్పాన్ని! ఇంకో రెండు ఎలుకలు ఏకంగా పిల్లుల వీపులే ఎక్కాయి. పక్కనే ఒక నీటికుక్క చేపను నోట కరచుకుంది. దీనికి గూఢార్థాలు చెప్పేవారు ఉన్నారు. నాకైతే మఠం వంటగది గుర్తొస్తుంది.

రాతలో తప్పులూ తక్కువేమీ కాదు. మత్తయి సువార్త పదో అధ్యాయంలో, తాను సమాధానం, అంటే శాంతి, పంపడానికి రాలేదు, ఖడ్గమే పంపడానికి వచ్చానని యేసు అంటాడు. ఖడ్గానికి లాటిన్ మాట గ్లాడియుం. మన లేఖకుడు గౌడియుం అని రాశాడు. అంటే సంతోషం! సమాధానం కాదట, సంతోషం పంపడానికి వచ్చాడట. ఆ తప్పు పన్నెండు వందల ఏళ్లుగా అలాగే ఉంది.

ఇంత మెరుపు చూసి బంగారం పూశారనుకుంటారు. లోపల బంగారం లేదు. ఆ పసుపు హరిదళం అనే ఖనిజం. బంగారమంతా ఒకప్పుడు పైనున్న తొడుగుకే ఉండేది. 1007లో కెల్స్ చర్చి నుంచి ఒక గొప్ప సువార్త గ్రంథం దొంగల పాలైందని ఐరిష్ వార్షిక వృత్తాంతాలు చెబుతున్నాయి; అది ఇదే అని పండితుల నమ్మకం. రెండు నెలల ఇరవై రాత్రుల తర్వాత మట్టిపెళ్ల కింద దొరికింది. బంగారం ఒలుచుకుపోయారు, గ్రంథాన్ని వదిలేశారు.