నాన్న షష్టిపూర్తికి ఒకే ఒక్క రీల్

నమస్తే అండీ. డల్లాస్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది, గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో ఉన్నాను. రేపు నాన్న షష్టిపూర్తి. ఫొటోలు నాన్న పాత ఫిల్మ్ కెమెరా పెంటాక్స్ కె1000తోనే తీస్తున్నాను. 400 ఐఎస్ఓ (ఫిల్మ్ వెలుగుని పట్టే వేగం) కలర్ నెగటివ్, ఒక్కటే రీల్, 36 ఫ్రేములు. దాన్ని చేతి బ్యాగులోనే తెచ్చాను. చెకిన్ సామానుకి వేసే ఎక్స్‌రే ఫిల్మ్‌ని పాడుచేస్తుంది, మీరూ గుర్తుపెట్టుకోండి.

చెల్లి పెళ్లికీ ఇదే కెమెరా. హడావిడిలో షట్టర్ 125 మీద, అంటే సెకనులో 125వ వంతు మీద, ఉండిపోయింది. ఇందులో ఫ్లాష్ వాడితే 60 దాటకూడదు. దాటితే షట్టర్‌లోని రెండు తెరల్లో మొదటిది పూర్తిగా తప్పుకోకముందే రెండోది మూసుకొస్తుంది, తెరిచి ఉన్న మేరకే ఫ్లాష్ వెలుగు పడుతుంది. తాళి కడుతున్న ఫొటోలో పెళ్లికొడుకు బాగా వచ్చాడు. చెల్లి చీకట్లో ఉండిపోయింది. ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే ఇవాళే అమ్మని హాల్లో కూర్చోబెట్టి లెక్క చూసుకున్నాను. నా ఫ్లాష్ గైడ్ నంబర్ (దాని బలం చెప్పే అంకె) 100 ఐఎస్ఓకి 28 మీటర్లు, 400కి రెట్టింపు, అంటే 56. దూరంతో భాగిస్తే ఎపర్చర్ (లెన్సు ఎంత తెరవాలో చెప్పే అంకె, తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) వస్తుంది. మూడున్నర మీటర్లకి 16. కానీ నేరుగా కొడితే జరీ తెల్లగా మెరుస్తుంది, హోమం పొగ ముసుగులా అడ్డొస్తుంది, అమ్మ ముఖం మీది పసుపు పాలిపోతుంది. నాకు ఆ పసుపే కావాలి.

కాబట్టి ఫ్లాష్ తల పైకి తిప్పి శ్లాబుకి కొడతాను. శ్లాబుకి తెల్ల సున్నం వేశారు, అదృష్టం. గోడలవి ఆకుపచ్చ రంగు, అటు తిప్పితే ముఖాలకి ఆ రంగే అంటుతుంది. వెలుగు పైకెళ్లి కిందికి రావడానికి నాలుగు మీటర్లు, అంటే 14. శ్లాబు తినేసేదానికి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) తీస్తే 7. నేను 5.6 పెడతాను. నెగటివ్ ఫిల్మ్ వెలుగు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు.

జల్లెడలోంచి కలశం నీళ్లు పోసేటప్పుడు మాత్రం ఫ్లాష్ మళ్లీ ఛార్జ్ అయ్యి దాని మీద లైటు వెలిగేదాకా ఆగి తీయాలి. ఆ చినుకులు విడివిడిగా నిలబడాలని ఎంత ఆశో!

ఇవాళ అమ్మవి రెండు తీశాను. ఇంకా 34 ఉన్నాయి. ఆరు మాంగల్యధారణకే దాచాను. అప్పుడు చెల్లి నా పక్కనే నిలబడి డయల్ చూస్తానంది. "నాన్నకీ 60, షట్టర్‌కీ 60, ఇక మర్చిపోనులే అక్కా" అంది.